చవక బంకు మీద నా వాదన

సూపర్‌మార్కెట్ బంకులో గ్యాసు, అంటే పెట్రోలు, కొట్టిస్తే ఇంజను పాడైపోతుందని నాకు మొదటిసారి చెప్పిన పెద్దమనిషి కార్లకు సీట్లు డిజైన్ చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. సీటు ఎంత వెనక్కి వాలాలి, లోపలి నురుగు ఎన్నేళ్ళకు కుంగుతుంది, తోలు కుట్టు ఎక్కడ విడిపోతుంది లాంటి విషయాల్లో ఆయన్ని మించినవాళ్ళు ఉండకపోవచ్చు. కానీ మిషిగన్‌లోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్ళకు ఒక అలవాటుంది. కార్ల కంపెనీలో పనిచేసే మనిషికి కారంతా తెలుసనుకుంటారు. హెడ్‌లైట్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి బ్రేకుల సంగతి అడుగుతారు. జీతాల విభాగంలో ఉన్న ఆవిణ్ణి ఏ మోడల్ కొనమంటారని అడుగుతారు. ఆవిడ చెప్తుంది కూడా.

ఈయన్ని నేను అన్నయ్యా అని పిలుస్తాను. నాకంటే ఆరేళ్ళు పెద్ద, మా ఆయనకు పాత స్నేహితుడు, మాకు రెండు వీధుల అవతల ఇల్లు. మంచి మనిషి. మంచు బాగా పడిన రోజున తన మంచు తీసే మిషను తోసుకుంటూ వచ్చి మా ఇంటి ముందు డ్రైవ్‌వే కూడా శుభ్రం చేసి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోతాడు. అయినా గ్యాసు మాట వచ్చేసరికి మా ఇద్దరికీ పడదు. పన్నెండేళ్ళుగా పడదు.

"ఇంజన్ అంటే కడుపు లాంటిదమ్మా. ఏది పడితే అది పోస్తే ఇవాళ తెలీదు. పదేళ్ళకి తెలుస్తుంది," అంటాడాయన.

"మిరపకాయ బజ్జీల బండి దగ్గర పెరిగిన కడుపులే అన్నయ్యా మనవి. నాకు యాభై వస్తున్నాయి, ఇంకా ఏమీ తెలీలేదు," అంటాను నేను.

నా వాదన ఊరికే నోటి దురుసుతో చేసేది కాదు. నేను చదివింది కెమిస్ట్రీ. ఈ దేశం వచ్చాక నా మొదటి ఉద్యోగం డియర్‌బోర్న్ వైపు, నీటి నమూనాలు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో. నా బల్ల పక్కన కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల తెల్లటి పెద్ద ట్యాంకులు, వాటి ముందు గ్యాసు నింపుకోవడానికి వచ్చిన ట్యాంకర్ల వరస కనిపించేది. రెండేళ్ళు ఆ వరసను చూశాను. పెద్ద బ్రాండు బొమ్మ వేసుకున్న ట్యాంకరు వెనక ఏ బొమ్మా లేని ట్యాంకరు, దాని వెనక ఇంకో బ్రాండుది. అన్నీ ఒకే గొట్టాల కింద నిలబడి, ఒకే సరుకు నింపుకుని, తలో దిక్కుకీ పోయేవి. తేడా అంతా నింపేటప్పుడు కలిపే మందులో ఉంది. ఇంజను లోపల మసి పేరుకోకుండా కలిపే మందు అది. కనీసం ఇంత కలపాలని నిబంధన ఉంది కాబట్టి సూపర్‌మార్కెట్‌వాళ్ళూ కలుపుతారు. పెద్ద బ్రాండ్లవాళ్ళు కొందరు అంతకంటే ఎక్కువ కలుపుతారు. ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. ఎక్కువ కలిపితే లోపల ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది, సరే. ఆఫీసుకీ కూరగాయలకీ తిరిగే కారుకు ఆ ఇంకాస్త ఎందుకన్నదే నా ప్రశ్న. నా కారు వయసు పదకొండేళ్ళు. కొన్న రోజు నుంచీ చవక బంకు గ్యాసే తాగింది. లక్షా ఎనభై వేల మైళ్ళు దాటినా మిషిగన్ చలిలో ఒక్క పిలుపుకే లేస్తుంది. మా ఇంట్లో అలా లేచేది అదొక్కటే.

ఇంకో రకం భక్తులున్నారు. పంపు మీద పెద్ద అంకె ఉన్న గ్యాసు పోస్తే కారుకు బలమని నమ్ముతారు. ఇక్కడ మామూలు గ్యాసు ఎనభై ఏడు, ఖరీదైనది తొంభై మూడు. మా ఆయన ఒకప్పుడు ఈ బాపతే. పిల్లలకు పుట్టినరోజుకి కేకు తెచ్చినట్టు కారుకు ఏడాదికోసారి తొంభై మూడు కొట్టించేవాడు. ఈ కారుకు ఎనభై ఏడు చాలని కంపెనీవాడే రాసిన పేజీని మాన్యువల్‌లోంచి చింపి ఆయన కాఫీ కప్పు కింద పెట్టాను. చింపినందుకు వారం రోజులు మాట్లాడలేదు గానీ తొంభై మూడు మాత్రం మానేశాడు.

మొన్న ఫిబ్రవరి చివర మా బేస్‌మెంటు గదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. వరంగల్ పిల్ల, ఇరవై తొమ్మిదేళ్ళు. మూడేళ్ళు డెన్వర్‌లో ఉద్యోగం చేసింది. ఒక పొద్దున వీడియో కాల్‌లోకి పిలిచి, పదిహేను నిమిషాల్లో ఆమె టీమునంతా తీసేశారు. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళకు అక్కణ్ణుంచి అరవై రోజుల లెక్క మొదలవుతుంది. ఆలోపు ఇంకో ఉద్యోగం రాకపోతే దేశం వదిలిపోవాలి. యాభై ఒకటో రోజున ఆబర్న్ హిల్స్‌లో ఉద్యోగం దొరికి, కాగితాలు పడ్డాయి. కారును ట్రక్కు మీద పంపించి, తను రెండు సూట్‌కేసులతో విమానంలో దిగింది.

చేరాల్సింది మార్చి మొదట్లో, ఒక సోమవారం. తొమ్మిది గంటలకు స్వయంగా వెళ్ళి బ్యాడ్జి తీసుకోవాలి. మొదటి రెండు వారాలు రోజూ ఆఫీసుకు రావాలి. మా ఇంటి నుంచి పాతిక మైళ్ళు, బస్సు గురించి అడగనే అక్కర్లేదు. ఆ సోమవారం అన్న మాట ఆ పిల్ల నోట్లోంచి వస్తుంటే, చేతిలో నిండా పోసిన టీ కప్పు పట్టుకుని మెట్లు దిగుతున్న మనిషిలా ఉండేది. ఒకసారి పోయిన ఉద్యోగం మళ్ళీ పోతుందన్న భయం ఆమెకు ఇంకా వదల్లేదు. కొత్తచోట మొదటి రోజే ఆలస్యమైతే వెనక్కి పంపేస్తారనుకునేది. పంపరని నేను చెప్పాను. "మీకు తెల్వది ఆంటీ," అంది. నిజమే, నాకు తెలియదు. నన్ను ఎవరూ పదిహేను నిమిషాల్లో తీసేయలేదు.

ఆమె వచ్చిన మొదటి శనివారం మా ఇంట్లో భోజనాలు. నాలుగు కుటుంబాలు, నాలుగు గిన్నెలు. కొత్తమ్మాయికి ఊరి సంగతులు చెప్పడం మొదలైంది. ఏ దుకాణంలో కరివేపాకు తాజాగా ఉంటుంది, ఏ రోడ్డు మీద పోలీసు కాపు కాస్తాడు. అన్నయ్య పప్పు కలుపుకుంటూ తన ధర్మం తాను నిర్వర్తించాడు.

"గ్యాస్ మాత్రం ఆ సూపర్‌మార్కెట్ దగ్గర కొట్టించకమ్మా. నీది మంచి కారు."

"అదిగో, వచ్చేశారు," అన్నాను.

"ఏం వచ్చేశారు? పిల్ల కొత్తగా వచ్చింది, చెప్పద్దా?"

"చెప్పండి. మంచి సీటు కవర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, రాసుకుంటుంది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను అక్కడ ఆగి ఉండాల్సింది. వినేవాళ్ళు నలుగురుంటే నాకు ఆగడం చేతకాదు. అమ్మాయి వైపు తిరిగి, "చూడమ్మా, పంపు దగ్గర చదవాల్సింది రేటు ఒక్కటే. అన్నిటికంటే తక్కువ రేటు ఏదో అది కొట్టించు. మిగతా రాతలన్నీ మన జేబు కోసం రాసినవే. పూచీ నాది," అన్నాను.

అమ్మాయి తలూపింది. మంచి విద్యార్థి అని ఆ తలూపులోనే తెలిసింది.

మరుసటి శుక్రవారం ఆమె గ్యాసు కొట్టించుకొచ్చింది. శనివారం పొద్దున నేను వంటింట్లో ఉండగా డ్రైవ్‌వేలోంచి దగ్గు వినిపించింది. కారు దగ్గు. అంటుకోవడం, ఆగిపోవడం, మళ్ళీ అంటుకోవడం. నాలుగోసారికి అంటుకుని, అద్దాలు కూడా గలగలమనేలా వణుకుతూ నిలబడింది. బయటికి వెళ్ళేసరికి అమ్మాయి స్టీరింగు పట్టుకుని కూర్చుంది. అద్దం కిందికి దించింది.

"ఆంటీ, చెక్ ఇంజన్ లైట్ వచ్చింది. నిన్న గ్యాస్ కొట్టించినంక కొంచెం వణికింది. చలికనుకున్న. ఇప్పుడు జూడండి, ఎట్ల అయితుందో."

"ఎక్కడ కొట్టించావు?"

"మీరు చెప్పిన కాడనే."

ఆ మాటలో నింద లేదు. ఉంటే జవాబు చెప్పేదాన్ని.

శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉండే మెకానిక్కు ఒకడున్నాడు. అక్కడికి మెల్లగా తీసుకెళ్ళాం. మూసే వేళయింది, చేతులు కడుక్కుంటూ విన్నాడు. ఐదు నిమిషాలు చూసి, గ్యాసు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోయి ఉండొచ్చు, మార్చాల్సి రావచ్చు, బుధవారం విప్పి చూస్తానన్నాడు. గ్యాసు ఎక్కడ కొట్టించారని అడిగి, చెప్పగానే పెదవి విరిచాడు. ఖర్చు ఎంతవుతుందో ఒక అంకె కూడా చెప్పాడు. రెండు నెలలు జీతం లేని పిల్ల ముఖం ఆ అంకె విన్నాక ఎలా మారిందో నేను రాయను. కారును వెనక్కి తెచ్చుకున్నాం.

"సోమవారం నేను దింపుతాలే," అన్నాను దారిలో.

"మీ ఆఫీస్ అటు సైడ్ ఆంటీ, యాన్ ఆర్బర్. రెండు వారాలు రోజు ఎట్ల దింపుతరు?"

మా ఆయన ఆఫీసు పని మీద ఆ వారమంతా ఊళ్ళో లేడు. ఆయన కారు విమానాశ్రయంలో ఉంది. మిగిలింది నా కారు ఒక్కటి. నాకు ఏడున్నరకల్లా ల్యాబ్‌లో ఉండాలి, ఆమెకు తొమ్మిదికి పూర్తిగా వ్యతిరేక దిక్కులో.

అన్నయ్యకు ఎలా తెలిసిందో తెలియదు గానీ సాయంత్రం కాకముందే వచ్చాడు. జేబులోంచి సబ్బుబిళ్ళంత పరికరం తీసి, స్టీరింగు కింద ఎక్కడో గుచ్చి, దాని మీద వచ్చిన అంకెలు చదివాడు. "గాలి ఎక్కువ, గ్యాస్ తక్కువ అందుతోందని చెప్తోంది. ఇంజెక్టర్లు బ్లాక్ అయ్యాయి. నేను చెప్తూనే ఉన్నాను," అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నేనేమీ అనట్లేదు," అన్నాడు. ఆ చూపు ఎప్పుడూ అనేవాటికంటే ఎక్కువే అంది. రాత్రి భోజనం వేళకు మా కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఆయన రాసిన నాలుగు వాక్యాలు వచ్చి పడ్డాయి. ఒక మంచి కారు సూపర్‌మార్కెట్ గ్యాసు ఒక్కసారి పోస్తేనే ఎలా పడకేసిందో చూసి అందరూ జాగ్రత్తగా ఉండాలట. కింద దణ్ణాల బొమ్మలు, బొటనవేళ్ళ బొమ్మలు.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. కానీ కోపం కింద ఇంకోటి ఉంది. ఒక్క ట్యాంకుతో ఇంజెక్టర్లు మూసుకుపోవు. మసి ఏళ్ళ మీద పేరుకుంటుంది, రాత్రికి రాత్రి కాదు. నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతా ఆ మాటే చెబుతోంది. మరి ఈ కారెందుకు దగ్గుతోంది? పూచీ నాది అన్నాను. ఆ పిల్ల సోమవారం ఆ పూచీ మీద నిలబడి ఉంది.

ఆదివారం పొద్దున ఆమెను నా కారులో ఎక్కించుకుని ఆ బంకుకే వెళ్ళాను. అక్కడ అద్దాల గదిలో కూర్చున్నతణ్ణి, నీళ్ళు కలిసిన గ్యాసు వచ్చిందా, ఇంకెవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగాను. ఎవరూ చేయలేదు, శుక్రవారం నుంచి కార్లు వస్తూనే ఉన్నాయన్నాడు. బయట నిజంగానే మూడు కార్లు నిలబడి తాగుతున్నాయి. ఒక్కటీ దగ్గడం లేదు.

"నిన్నగాక మొన్న ఏం చేశావో అలాగే చేసి చూపించు. కార్డు గీకడం దగ్గర్నుంచి," అన్నాను.

గాలి ముఖం కోస్తోంది. అమ్మాయి టోపీ చెవుల మీదికి లాక్కుని పంపు ముందు నిలబడింది. కార్డు గీకినట్టు చేసింది. రేట్లు చూసింది. ఏ తడబాటూ లేకుండా చెయ్యి చాచి పసుపు రంగు హ్యాండిల్ పట్టుకుంది.

"ఆగు," అన్నాను.

అది గ్యాసు కాదు. అంటే, గ్యాసు అందులో కొంచెమే ఉంటుంది. మిగతాది మొక్కజొన్నతో చేసిన ఇథనాల్, అందుకే దాని పేరు ఈ-ఎయిటీఫైవ్. సూటిగా చెప్పాలంటే సారాయి. దాని కోసం ప్రత్యేకంగా తయారుచేసిన కార్లు కొన్ని ఉంటాయి, అవి తాగుతాయి. మామూలు కారు దాన్ని తట్టుకోలేదు. సారాయికి గ్యాసంత సత్తువ ఉండదు కాబట్టి ఇంజెక్టర్లు ఎంత చిమ్మినా చాలదు. చలిలో అది త్వరగా అంటుకోదు కూడా. పరికరం చెప్పింది అక్షరాలా నిజం. గాలి ఎక్కువ, గ్యాసు తక్కువ.

"అన్నిట్ల ఇదే చీప్ ఆంటీ. ఎయిటీఫైవ్ అని గూడ ఉంది. డెన్వర్‌ల రెగ్యులర్ ఎయిటీఫైవే. మూడేండ్లు అదే కొట్టించిన," అంది. తర్వాత నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "మీరు చెప్పిండ్రు కద, రేటు ఒక్కటే చదువుమని. మిగిలినయి చదవొద్దని," అంది.

ఆ హ్యాండిల్ మీద ఇది కేవలం ఫలానా రకం కార్లకేనని రాసి ఉంది. పెద్ద అక్షరాలే. జేబు కోసం రాసిన రాతలని నేను చెప్పిన రాతల్లో అదీ ఒకటి. పన్నెండేళ్ళుగా అక్కడ నిలబడి గ్యాసు కొట్టించుకుంటున్నాను, ఆ పసుపు హ్యాండిల్ నా కళ్ళకు ఏనాడూ ఆనలేదు. అవసరం లేనిదాన్ని కన్ను దాటేసి పోతుంది. నా కన్ను దాటేసిన దాని గురించి నేను ఆ పిల్లను హెచ్చరించలేదు, పైగా నలుగురిలో గొప్పగా పూచీ పడ్డాను. ఎనభై ఏడు కొట్టించు అంటే సరిపోయేదాన్ని సిద్ధాంతంగా చేసి చెప్పింది నేను.

"నీ తప్పేం లేదు. నేను చెప్పినదాన్ని నువ్వు సరిగ్గా చేశావు. చెప్పడమే తప్పు చెప్పాను," అన్నాను.

"అయ్యో, ఏం కాదు ఆంటీ. రేపటికి మంచిగైతదా?"

ఆమెకు నా తప్పుతో పనిలేదు. రేపటితో పని.

కారులో కూర్చుని హీటరు పెట్టి అన్నయ్యకు ఫోన్ చేశాను. ఈ విషయంలో నాకు తెలిసినది ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలుసు. సారాయి పోసిన కారును నడపచ్చా, ట్యాంకు దించి పారబోయాలా అన్నది నేను చదివిన కెమిస్ట్రీలో లేదు.

"అన్నయ్యా, ఆ అమ్మాయి కొట్టించింది గ్యాసు కాదు. ఇథనాల్, ఈ-ఎయిటీఫైవ్."

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "చెప్పింది నువ్వే కదా?" కాదు. "ఎన్ని గాలన్లు? కొట్టించాక ఎన్ని మైళ్ళు నడిపింది?" అన్నాడు. ఇందుకే ఆ మనిషితో పన్నెండేళ్ళు పోట్లాడగలిగాను.

ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉంది. దించక్కర్లేదన్నాడు. ఒక్క ట్యాంకుతో ఏ భాగమూ పాడవదు. మెల్లగా నడిపి కొంత ఖర్చు చేయాలి, ఖర్చయినంత మామూలు గ్యాసు కలపాలి, మళ్ళీ నడపాలి, మళ్ళీ కలపాలి. నాలుగైదు రోజులకు పల్చబడి లైటు దానంతట అదే ఆరిపోతుంది. "కానీ రేపు పొద్దున ఆ పిల్ల దాన్నేసుకుని హైవే ఎక్కకూడదమ్మా. చలికి మధ్యలో ఆగిపోతే కష్టం."

"డెన్వర్‌లో ఎనభై అయిదు ఏంటి?"

"అక్కడ ఎత్తు కదా, గాలి పల్చన. ఎనభై అయిదు చాలు. సీట్ల టెస్టింగ్‌కి వెళ్ళినప్పుడు చూశాను."

"సీట్లు టెస్ట్ చేయడానికి కొండలెక్కాలా?"

"చలికి నురుగు గట్టిపడుతుంది. నీకెందుకు అవన్నీ? కలిపే గ్యాస్ మాత్రం మంచి బ్రాండ్‌ది కలుపు."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే కదమ్మా."

ఇంటికి వచ్చాక ఆమెకు నా కారు తాళాలు ఇచ్చాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా నా కారు ఆమెది, ఆమె కారు నాది. వద్దంది. రెండుసార్లు వద్దంది. "నా సలహాను నేనే నడుపుకుంటాను, నువ్వు అడ్డం రాకు," అన్నాక తీసుకుంది. నా కారు గేర్లూ వైపర్లూ చూపించడానికి వీధి చుట్టూ రెండు చుట్లు తిప్పించాను. తర్వాత దగ్గే కారును నేను తీసుకుని, లాన్సింగ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అక్కడ నాకే పనీ లేదు. సారాయి కరిగించడానికి వెళ్ళాను. కుడి వైపు వరసలో, ట్రక్కుల వెనక, లైటు వెలుగుతూ, ఎత్తు వచ్చిన చోటల్లా కారు ఆయాసపడుతూ వెళ్ళింది. పక్క వరసలోంచి వెళ్ళేవాళ్ళు నన్ను జాలిగా చూశారు.

తిరుగు దారిలో గ్యాసు కలపడానికి ఆగాల్సి వచ్చింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మలుపు దగ్గర ఒక క్షణం ఆగాను. ఎడమకు తిరిగితే పెద్ద బ్రాండు బంకు, కుడికి తిరిగితే మా సూపర్‌మార్కెట్. ఇది నా కారయితే ఆలోచించేదాన్ని కాదు. ఇది ఆ పిల్ల కారు. ఇంకో పొరపాటు జరిగితే నేను ఏ ముఖం పెట్టుకుని బేస్‌మెంటు మెట్లు దిగాలి? డియర్‌బోర్న్ కిటికీలోంచి రెండేళ్ళు చూసిన ట్యాంకర్ల వరసను గుర్తు చేసుకున్నాను. నేను ఒకసారి తెలివితక్కువదాన్నయినంత మాత్రాన ఆ వరస మారదు. కుడికే తిరిగాను. అయితే ఈసారి పంపు మీద ఉన్న ప్రతి అక్షరమూ చదివాను. సిగరెట్ తాగకూడదన్నదీ, పొంగితే ఎవరిది బాధ్యతన్నదీ, అన్నీ. వెనక కారువాడు హారన్ కొట్టాడు. కొట్టుకోనీ.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో రాశాను. అమ్మాయి కారుకు జబ్బు సూపర్‌మార్కెట్ గ్యాసు వల్ల రాలేదు, పసుపు హ్యాండిల్‌లో వచ్చే ఇథనాల్ వల్ల వచ్చింది. రేటు తప్ప ఇంకేమీ చదవద్దని ఆమెకు చెప్పింది నేను, తప్పు నాది. మన కార్లలో పసుపు హ్యాండిల్ జోలికి ఎవరూ వెళ్ళకండి. ఎనభై ఏడు మాత్రం ఏ బంకులో కొట్టించినా ఒకటేనని నేను ఇప్పటికీ అంటున్నాను. చివరి వాక్యం అవసరమా అని ఊళ్ళో లేని మా ఆయన విడిగా మెసేజ్ పెట్టాడు. అవసరమే. ఒక తప్పు ఒప్పుకుంటే దాంతోపాటు సరైన మాటను కూడా పారేయాలని ఎక్కడా లేదు.

ఆమె కారును రాత్రి మా గరాజులోనే పెట్టాను కాబట్టి సోమవారం మూడో ప్రయత్నానికి లేచింది. అమ్మాయి ఏడున్నరకే బయల్దేరిందట. తొమ్మిది దాటి పది నిమిషాలకు ల్యాబ్‌లో నా ఫోన్ మోగింది. ఎత్తగానే, "లోపటికి పంపిండ్రు ఆంటీ. బ్యాడ్జ్ ఇచ్చిండ్రు. ఫోటో మాత్రం దొంగలెక్క వచ్చింది," అంది.

"అందరికీ అలాగే వస్తుంది. పని చూసుకో," అన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ముందున్న సీసా మీది చీటీని చదవలేకపోయాను.

మంగళవారం వణుకు తగ్గింది. బుధవారం మెకానిక్కుకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. నవ్వి, అడగాల్సింది తను అడగలేదన్నాడు. అదీ నిజమే, కానీ ఆయన ఐదు నిమిషాలు చూసి చెప్పాడు, నేను పన్నెండేళ్ళు చూసి చెప్పాను. గురువారం సాయంత్రం ఇంటికి వస్తుంటే హైవే మీద ఎప్పుడో లైటు ఆరిపోయింది. ఆరిన క్షణం నేను చూడలేదు. ఎగ్జిట్ తీసుకుంటూ చూస్తే అక్కడ లేదు.

శుక్రవారం అన్నయ్య పరికరంతో వచ్చి గుచ్చి చూశాడు. ఏ అంకె కూడా రాలేదు.

"క్లీన్‌గా ఉంది," అన్నాడు.

"ఏ గ్యాసుతో?"

"ఆ సంగతి పదేళ్ళ తర్వాత మాట్లాడదాం."

"అప్పటికి ఇద్దరం ఉంటే."

"ఉంటాంలే. నువ్వు పోవు, నన్ను పోనివ్వవు," అని టీ అడిగాడు.

ఆ వారాంతం అమ్మాయికి తాళాలు తిరిగి ఇచ్చేశాను. గరాజులోనే ఉంచుకో, చలి ఇంకా తగ్గలేదన్నాను. ఒప్పుకోలేదు. "రోజు గరాజ్ యాడ దొరుకుతది ఆంటీ, ఆఫీస్ పార్కింగ్ అంత బయటనే," అని ఆదివారం రాత్రి కారును డ్రైవ్‌వేలోనే వదిలేసింది.

సోమవారం నేను కూడా త్వరగానే లేచాను. టీ పెట్టుకునే వంకతో వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. రాత్రంతా సన్నగా మంచు పడి, కారు తెల్లగా ముడుచుకుని ఉంది. అమ్మాయి మెళ్ళో బ్యాడ్జి వేసుకుని వచ్చింది. అద్దం మీది మంచు గీకింది, లోపల కూర్చుంది, తలుపు వేసుకుంది. నేను పొయ్యి మీది పాలు వదిలేసి వింటున్నాను. కారు ఒకే ఒక్కసారి గురగురమని అంటుకుంది. దగ్గు లేదు, వణుకు లేదు. కిటికీలో నేనున్నానని ఆమె చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు. వెనక్కి చూసుకుంటూ కారును రోడ్డు మీదికి తీసి, వీధి చివర ఆగి, కుడి ఇండికేటర్ వేసి, ఆఫీసు వైపు తిరిగింది.